రోబో ఆపరేషన్ అంటే యంత్రమే కోస్తుందా?

మీ ఇంట్లో ఒకరికి రోబో సహాయంతో ఆపరేషన్ చేద్దామని డాక్టరుగారు చెప్పారనుకోండి. ముందు కలిగే భయం ఒక్కటే: "మా మనిషిని యంత్రం చేతికి అప్పగించాలా?" సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ నాలుగు సంగతులూ చదవండి.

ఆస్పత్రుల్లో బాగా వాడుకలో ఉన్న రోబో పేరు డావిన్చీ. 2000లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. ఇది తనంతట తాను కోయదు, కుట్టదు. సర్జన్ అదే గదిలో కాస్త దూరంగా కూర్చుని, అద్దాల్లో లోపలి భాగాలను పెద్దవిగా చూస్తూ చేతులతో పిడులను కదుపుతారు. పొట్టమీది చిన్న రంధ్రాల గుండా వెళ్ళిన పనిముట్లు ఆ కదలికలనే అనుసరిస్తాయి. సర్జన్ తన తలను అద్దాల దగ్గరనుంచి తీసేస్తే అవి ఉన్నచోటనే ఆగిపోతాయి.

మరి మధ్యలో కంప్యూటరు ఎందుకు? లెక్కలు చేయడానికి. సర్జన్ చెయ్యి ఎటు కదిలిందో చూసి, పనిముట్టు కొన అక్కడికి చేరాలంటే రోబో చేతిలోని ఏ కీలు ఎంత వంగాలో అది క్షణక్షణం లెక్కగడుతుంది. పదో తరగతిలో మనల్ని ఏడిపించిన త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది! సర్జన్ మూడు సెంటీమీటర్లు కదిపితే లోపల ఒక్క సెంటీమీటరే కదిలేలా అమర్చుకోవచ్చు. ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతుంది. కావాలని కదిపే కదలిక అంతకంటే నిదానం. ఈ తేడా పట్టుకొని కంప్యూటరు వణుకును వడగట్టేస్తుంది. పైగా రోబో చేతి నిర్మాణమే పనిముట్టు రంధ్రం దగ్గర ఒకే బిందువు మీద తిరిగేలా చూసి, చర్మం, కండరాలు లాగుకుపోకుండా కాపాడుతుంది.

కృత్రిమ మేధ సంగతి వేరు. 2022లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి రోబో నాలుగు పందుల చిన్నప్రేవులను చాలావరకు తనే కుట్టింది. 2025లో అక్కడివారే, చూసి నేర్చుకునే మరో రోబోచేత, పందుల శరీరం నుంచి వేరుచేసిన అవయవాల మీద పిత్తాశయం తొలగించే పనిలో ముఖ్యభాగం చేయించారు. ఇవి పరిశోధనలు. మీకు చెప్పిన ఆపరేషన్‌కూ వీటికీ సంబంధం లేదు.

రోబో అనగానే మేలైనదని కూడా అనుకోకండి. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తొలి దశలో ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగులను 631 మందిని పరిశీలించారు. నాలుగున్నరేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పెద్ద కోతతో చేసినవారిలో 96.5 శాతం, చిన్న రంధ్రాలతో చేసినవారిలో 86 శాతం. ఈ రెండోరకంలో ఎక్కువ భాగం మామూలు లాపరోస్కోపీ, కొన్ని రోబోతో చేసినవి. అన్ని జబ్బులకూ ఇలా ఉండదు. ప్రోస్టేట్ ఆపరేషన్లకు రోబోను విరివిగా వాడుతున్నారు.

కాబట్టి మొహమాటపడకుండా అడగండి: ఈ జబ్బుకు రోబోవల్ల అదనపు లాభమేమిటి? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? మామూలు పద్ధతికంటే ఖర్చు ఎంత ఎక్కువ? యంత్రం మధ్యలో మొరాయిస్తే ఏం చేస్తారు? అలా జరిగితే పనిముట్లు బయటికి తీసి, అవసరమైతే పెద్ద కోతతో పూర్తి చేస్తారు. సమ్మతి పత్రంలో పెద్ద కోత మాట కనిపించేది అందుకే. అది చూసి కంగారుపడకండి.