అంబాసిడర్ ముందు చక్రాల సరిచూపు

అంబాసిడర్ కారు ముందు చక్రాలు రెండూ సమాంతరంగా ఉన్నట్టే కనిపిస్తాయి గాని, ఉండవు. ఆగి ఉన్న బండిలో వాటి ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ. దీన్నే టో ఇన్ అంటారు. వెనుక చక్రాలు తోసే బండిలో ముందు చక్రాలను రోడ్డు వెనక్కి నెడుతుంది, రబ్బరు బుష్‌లు కాస్త నలుగుతాయి, చక్రాలు బయటికి విచ్చుకుంటాయి. ముందుగా ఇచ్చిన ఆ కాస్త వంపు పరుగులో సరిపోయి చక్రాలు నేరుగా నిలుస్తాయి.

కొలత ఆరు మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రం కిలోమీటరుకు సుమారు నాలుగున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి ఉదయగిరి చేరేసరికి అది రెండు వందల మీటర్ల దాకా వస్తుంది. కొత్త టైర్లు ఇట్టే అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందూస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన ఈ కారు, కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. డీజిల్ వచ్చింది, ఇసుజు పెట్రోల్ ఇంజన్ వచ్చింది. ముందు సస్పెన్షన్ తీరు మాత్రం పెద్దగా మారలేదు. కాయిల్ స్ప్రింగులకు బదులు కారు పొడవు దిశలో అమర్చిన రెండు ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, మెలి తిరిగి బరువు మోస్తాయి. స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్. నెల్లూరు జిల్లా పడమటి గుంతల దారుల్లో ఒకప్పుడు ఆఫీసర్ల బండిగా, టాక్సీగా, పెళ్లి బండిగా ఇది బతికిందంటే ఈ కడ్డీల చలవ కొంత ఉంది.

చక్రాల అమరికలో చూడాల్సిన కోణాలు మూడు. చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం క్యాంబర్. చక్రం పక్కకు మళ్లే ఇరుసు, అంటే కింగ్ పిన్, వెనక్కి వాలడం క్యాస్టర్. స్టీరింగ్ తనంతట తాను నేరుగా తిరిగి రావడం చాలావరకు దీనివల్లే. ఈ రెండూ ఈ కారులో చాలావరకు తయారీలోనే ఖాయమైపోయినవి. అవి తప్పాయంటే ఏదో అరిగినట్టు, వంగినట్టు. ఇంటి దగ్గర చేతికి అందేది మూడోదైన టో ఒక్కటే. అందుకే అరుగుదల వదిలేసి నట్లు తిప్పడం వృథా శ్రమ.

ఆ అరుగుదల కనిపెట్టడానికి జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపాలి. కదిలితే మరొకరు బ్రేకు తొక్కాలి. కదలిక ఆగిపోతే తప్పు బేరింగ్‌ది. ఆగకపోతే కింగ్ పిన్ వైపుది. ఎడమ, కుడి పక్కల పట్టి ఊపితే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ల చివరల్లోని లూజు బయటపడుతుంది. లూజు పోయాక బండి ఎత్తు రెండు వైపులా కొలవాలి. ఒక వైపు కుంగి ఉంటే టార్షన్ బార్ సంగతి ముందు తేల్చాలి, ఎత్తు మారితే టో కూడా మారుతుంది కాబట్టి.

కొలతకు చదునైన నేల కావాలి. మట్టం తప్పని కడప బండల వసారా చాలు. టైర్లలో గాలి సమానంగా ఉండాలి, స్టీరింగ్ నడిమధ్యన ఉండాలి. చక్రాన్ని లేపి గిర్రున తిప్పుతూ టైరు నడుమ సుద్దముక్క ఆనించి, ఆ తెల్లటి పట్టీ మీద మేకు మొనతో సన్నని గీత గీస్తారు. రెండో చక్రానికీ అంతే. దించాక బండిని కొన్ని గజాలు ముందుకు తోయాలి. లేకపోతే జాకీ మీద ముడుచుకున్న చక్రాలు అదే ఒంపులో నిలిచి అబద్ధపు కొలత ఇస్తాయి. ఇరుసు ఎత్తులో, ముందు పక్కన గీతల మధ్య దూరం కొలిచి, ఆ చోట్ల గుర్తు పెట్టి, ఆ గుర్తులు వెనక్కి వచ్చేదాకా బండిని అరచుట్టు నడిపి, అక్కడ మళ్లీ కొలవాలి. రెండుసార్లూ అవే గుర్తుల దగ్గర కొలుస్తాం కాబట్టి రిమ్ము వంకర ఉన్నా లెక్క చెడదు.

టై రాడ్ల లాక్ నట్లు వదులుచేసి రెండు రాడ్లనూ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ కొలవాలి. ఒక్కదాన్నే తిప్పితే టో కుదిరినా స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, మలుపు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ వస్తుంది. నట్లు బిగించాక మరోసారి కొలవాలి, బిగింపులోనే రాడ్ కాస్త తిరిగిపోవచ్చు.

కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక టైరు మీద అడ్డంగా అరచెయ్యి రాయాలి. లోపలికి రాస్తే నున్నగా, బయటికి రాస్తే గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువైనట్టు. అందుకు తిరగబడితే టో అవుట్. రెండు వైపులా ఒకేలా తగిలితే టో సరిపోయినట్టే.