ట్రయథ్లాన్: రేసు ఒక్క రోజే, మజా మాత్రం సాధనలోనే

విజయవాడ: 1.9 కిలోమీటర్ల ఈత, వెంటనే 90 కిలోమీటర్ల సైకిల్, అది దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో లెక్కేస్తే 70.3 వస్తుంది కాబట్టి దీనికి ఐరన్‌మ్యాన్ 70.3 అని పేరు. మన దేశంలో ఇది 2019లో గోవాలో మొదలైంది. ఎనిమిదిన్నర గంటల్లో పూర్తి చేయాలి. పూర్తి ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు దూరం. 1978లో హవాయిలో జరిగిన తొలి రేసులో 15 మంది బయలుదేరితే 12 మంది చివరిదాకా వెళ్లారు.

ఇది మనలాంటి వాళ్ల పని కాదు అనిపిస్తుంది. కానీ విజయవాడ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూనే తులసీ చైతన్య పాక్ జలసంధిని ఈదారు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఇలాంటివి సాధించేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

జమాఖర్చు ఇలా చూడండి

వారానికి 8 గంటల చొప్పున 30 వారాలు సాధన చేస్తే 240 గంటలు. రేసు మహా అయితే ఎనిమిదిన్నర గంటలు. మెడల్ ఒక్కటే లాభం అనుకుంటే ఆ 240 గంటలూ ఖర్చు కిందే పోతాయి. ఇంట్లో పెళ్లి వచ్చినా, ఆఫీసులో ఆడిట్ పడినా మొదట ఆగిపోయేది ఆ ఖర్చే. అదే రోజూ చేసే సాధనలోనే సంతోషం దొరికితే, ఒక వారం తప్పినా మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తుంది. అందుకే ఆనందం అనేది రేసు తర్వాత వచ్చే బహుమతి కాదు, సాధన ఆగకుండా నడిపించే ఇంధనం.

మెల్లగా వెళ్తేనే ముందుకు

చాలామంది సాధనను ద్వేషించడానికి కారణం ఒకటే: ప్రతిరోజూ శక్తికి మించి పరిగెత్తడం. మోకాలు నొప్పి, నీరసం, ఆ తర్వాత మానేయడం. దీర్ఘదూర క్రీడాకారులను గమనించిన పరిశోధకుడు స్టీఫెన్ సైలర్, వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలికపాటి వేగంలోనే సాగుతుందని చూపించారు. ఆ వేగంలో గుండె బలపడుతుంది, కండరాలకు రక్తం చేరవేసే సన్నని నాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలవాటవుతుంది.

వాచీ లేకపోయినా పర్లేదు. పరిగెడుతూ పక్కనున్న వ్యక్తితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. ఆయాసంతో మాట తెగిపోతుంటే తగ్గించాలి. అందుకే తోడు ఉండడం మంచిది. కబుర్లలో గంట ఎలా గడిచిందో తెలియదు.

మన ఊరే మైదానం

డెల్టా అంతా చదును. కొండలు లేవని బాధపడక్కర్లేదు, బందరు వైపు ఎదురుగాలి తగిలిన రోజు కాళ్లకు కావలసినంత పని. యనమలకుదురు, తోట్లవల్లూరు మీదుగా కృష్ణ కరకట్ట దారిలో తెల్లవారుజామున వెళ్తే ఒకపక్క నది, మరోపక్క పొలాలు. హైవే కన్నా ప్రశాంతం. అయినా హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

ఈతకు మాత్రం స్విమ్మింగ్ పూల్‌కే వెళ్లండి. 25 మీటర్ల పూల్‌లో 76 పొడవులు ఈదితే 1.9 కిలోమీటర్లు. బందరు కాలువ, ఏలూరు కాలువ, నది ఘాట్లలో సొంతంగా దిగొద్దు. పైకి నెమ్మదిగా కనిపించే నీళ్లలోనూ లోపల లాగుడు ఉంటుంది. సముద్రంలో ఈత అలవాటు చేసుకోవాలంటే అనుభవజ్ఞులతో, రక్షణ ఏర్పాట్లతోనే దిగాలి.

ఎండతో జాగ్రత్త

గోవా రేసు అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో ఉంటుంది. అంటే 30 వారాల సాధన సరిగ్గా మన వేసవిలోంచే సాగాలి. శరీరం వేడికి అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించండి, ఎండెక్కేలోపు ఇంటికి చేరండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి ఉత్త నీళ్లే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగండి. రంజాన్‌లో రోజా ఉండేవాళ్లు పగలు కఠిన సాధన మానేసి, ఇఫ్తార్ తర్వాత తేలికగా నడిస్తే చాలు.

ఇంట్లోవాళ్లనూ కలుపుకోండి

ఆదివారం నాలుగు గంటలు సైకిల్ మీదే గడిస్తే ఇంట్లో అలక సహజం. వారం మొదట్లోనే ఏ రోజు ఎన్ని గంటలో చెప్పేయండి. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి, అది ఇంటికే.

మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గర బీపీ, షుగర్, గుండె పరీక్షలు చేయించుకోండి. ఖరీదైన సైకిల్ తర్వాత చూసుకోవచ్చు. మొదటి నెల ఉన్న సైకిల్‌తో, ఉన్న బూట్లతో నడిపించండి. వారం చివర ఎన్ని కిలోమీటర్లు అన్నదానితో పాటు, ఎన్ని రోజులు ఇష్టంగా లేచారో కూడా డైరీలో రాసుకోండి. ఆ రెండో అంకె తగ్గుతుంటే వేగం తగ్గించాలని అర్థం.