ఆటలోని పాఠము

మందమర్రి సింగరేణి బొగ్గుగనుల పట్టణము. బొగ్గుగనిని అచటివారు ‘బాయి’ యందురు. తండ్రి బాయికి పోయెననియు, బాయినుండి వచ్చెననియు గని కార్మికుని బిడ్డ యెరుగును. ఆ రెండింటి నడుమ భూగర్భమున నేమి జరుగునో బడిలో చెప్పువారు అరుదు. చెప్పుటకంటె ఆడించుట మేలు.

ఆటలో విద్య మనకు క్రొత్త గాదు. వామనగుంటలాడు బాలిక చింతగింజలను గుంటకొకటిగా పంచుచు, ఏ గుంటయొద్ద చేయి ఖాళీ యగునో ముందే లెక్కించుకొనును. లెక్క రానిచో గెలుపు లేదు. వైకుంఠపాళి తీరు వేరు. నిచ్చెన పుణ్యమనియు, పాము పాపమనియు పటము చెప్పును. కాని కాయ పందెము పడినట్లు నడచును. పాము నోట పడుటలో బాలుని తప్పేమియు లేదు. అనగా నీతి పటముపై నున్నది, ఆటలో లేదు. ఆటను కూర్చువారు మొదట గ్రహింపవలసిన భేద మిదియే.

ఒక ఉపాధ్యాయుడు గనియాట కూర్చదలచె ననుకొందము. బల్లలను జరిపి సొరంగము చేయును, కిటికీలు మూయించును. ఒకడు సర్దారు, నలుగురు బొగ్గు నింపువారు, ఒకడు దిగినవారి లెక్క వ్రాయువాడు. టబ్బు నిండినప్పుడెల్ల ఒక చీటీ తీయుదురు. దానిపై 0.25, 0.50, 0.75 వంటి అంకె యుండును. అది గనిలో చేరిన మీథేను వాయువు. నూటికిన్ని పాళ్లని కూడుకొనుచు పోవలెను. 1.25 మించినచో పనివారిని వెలుపలికి తేవలెననునది నిజమైన గనులలోని నిబంధన. 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసిన గాలి నిప్పురవ్వ సోకిన ప్రేలును. వెలుపలికి వచ్చి గాలి పారించినచో లెక్క సున్నకు దిగును గాని ఒక వంతు పోవును.

1.25కును 5కును నడుమనే ఆటకు ప్రాణము. ప్రమాద మింకను రాలేదు. మరియొక టబ్బు నింపవచ్చునను ఆశ కలదు. టబ్బుకొక మార్కని నియమము పెట్టినచో బాలురు నింపుచునే యుందురు. దిగిన వారందరు పైకి వచ్చిననే మార్కులు లెక్కకు వచ్చునని మార్చినచో, సర్దారు ‘ఆపుడు’ అనుటకు కారణము కలుగును. ఉపదేశము మారలేదు, నియమ మొక్కటే మారినది. దేనికి మార్కు లిత్తుమో దానినే బాలుడు నేర్చును.

ఒక్క జాగ్రత్త. గనిలో ఆప్తుని గోల్పోయిన బిడ్డ ఆ తరగతిలోనే యుండవచ్చును. కావున ఆటలో ఎవరిచేతను మరణము నటింపజేయరాదు. లెక్క 5 చేరగానే ఆట ముగియవలెను. సొరంగమున దూరనొల్లని బిడ్డకు పైన లెక్క వ్రాయు పని యీయవలెను. ముగిసిన పిమ్మట ఎందుకు ఆగితిరని, ఎందుకు ఆగలేదని అడిగి, బాలురు చెప్పునది వినవలెను.

అట్టి ఆట ఫలించెనా యనుట పరీక్షా పత్రమున తెలియదు. ఆ సాయంకాలము ఇంటిలో, “బాపూ, ఇయ్యాల బాయిల గాలి ఎట్లున్నది?” అని బిడ్డ అడిగినచో, పాఠము ఇల్లు చేరినట్లే.