పరకాయప్రవేశకథలు – దాంపత్యనిష్ఠావిచారము

ఒకరి దేహమున మఱియొకరు ప్రవేశించుటయు, ఒకరి రూపమును మఱియొకరు ధరించుటయు భారతీయకథావాఙ్మయమున మిక్కిలి ప్రాచీనములైన కల్పనలు. మొదటిదానికి పరకాయప్రవేశమనియు, రెండవదానికి కామరూపధారణమనియుఁ బేర్లు. ఈ కల్పనలు ప్రణయకథతోఁ గూడినప్పుడెల్ల నొక ధర్మసందేహము పుట్టుచున్నది. భర్తరూపమున నన్యుఁడు వచ్చినచో, వానిని భర్తయని నమ్మిన యిల్లాలు దోషము చేసినదా? భార్యయే వేఱొక స్త్రీయై వచ్చినచో, ఆమెను వరించిన భర్త నిష్ఠ నిలిచినదా, చెడినదా? ఇది కేవలము వినోదమునకై వేయు ప్రశ్న కాదు. దంపతుల నిష్ఠ దేహమునకు సంబంధించినదా, మనస్సునకు సంబంధించినదా, ఎఱుకకు సంబంధించినదా యను మూలప్రశ్న దీనియందు గర్భితమై యున్నది. నిందను ఎవరిపై మోపవలెనను నిర్ణయము దానిపై నాధారపడి యున్నది.

ఈ విచారమునకు ఉత్తరతెలంగాణముతో సంబంధము కలదు. పూర్వము కరీంనగరు జిల్లాలో నుండి 2016లోఁ బెద్దపల్లి జిల్లాలోఁ జేరిన రామగిరి దుర్గము పదునైదవ శతాబ్ది ప్రారంభమున ముత్తభూపాలుని యేలుబడిలో నుండెను. అతని మంత్రి కందనామాత్యుఁడు. మడికి సింగన 1420 ప్రాంతమునఁ బద్మపురాణోత్తరఖండమును దెనిఁగించి యీ మంత్రికి నంకితమొసఁగెను. వాసిష్ఠరామాయణమును దెనుఁగు చేసినవాఁడును సింగనయే. ఈ రెండు గ్రంథముల సంస్కృతమూలములందును మన ప్రశ్నకు సంబంధించిన కథ లున్నవి. పద్మపురాణములోని బృందాకథ వంచితయైన భార్య కథ. వాసిష్ఠములోని చూడాలకథ మాఱురూపు దాల్చిన భార్య కథ. రెంటిని ప్రక్కప్రక్కనఁ జేర్చి చూచినచో సమస్య యొక్క యుభయపార్శ్వములును దెలియును.

జలంధరాసురుని భార్య బృంద. ఆమె పాతివ్రత్యమే భర్తకుఁ గవచము. అది చెడనిదే జలంధరునకుఁ జావు లేదు. అందుచే విష్ణువు జలంధరుని రూపముతో నామెను జేరెను. భర్త మరణించి మరల జీవించినాఁడని నమ్మి యామె వానితోఁ గాపురము చేసెను. నిజము తెలిసిన దినమున విష్ణువును శపించి ప్రాణములు విడిచెను. ఈ కథలో రెండు కొలతలు గలవు. కవచము తొలఁగెనన్నచోటఁ గథ దేహమును గొలతగాఁ గొనుచున్నది. బృంద యెఱిఁగినను ఎఱుఁగకున్నను వ్రతభంగము జరిగినట్లే లెక్క. శాపము ఫలించెనన్నచోట నెఱుకను గొలతగాఁ గొనుచున్నది. దోషియైనదానికి దేవదేవుని శపించు శక్తి యుండునా? శాపము ఫలించినదనఁగా నామె శీలము చెడలేదని పురాణమే యొప్పుకొన్నట్లు. ఫలమును భర్త యనుభవించెను. పాపము మాత్రము వంచకునకే చెందెను. ఈ రెండు కొలతలకును బొత్తు కుదురకుండుటయే యీ కథలోని దుఃఖము.

చూడాలకథ దీనికి విలోమము. శిఖిధ్వజుఁడను రాజు భార్యయైన చూడాల తొలుత జ్ఞానము వడసెను. స్త్రీ మాటయని రాజు దానిని సరకుగొనక, రాజ్యము విడిచి వనమునకుఁ బోయెను. ఆమె కుంభుఁడను బ్రాహ్మణకుమారుని రూపముతోఁ బోయి భర్తకు గురువయ్యెను. అతఁడు జ్ఞానియైన పిదప, దుర్వాసుని శాపముచేఁ దాను రాత్రులందు స్త్రీ నగుదునని చెప్పి, మదనిక యను పేర నతనిని వివాహమాడెను. దేహమును గొలతగాఁ గొన్నచో శిఖిధ్వజుఁడు తన భార్యనే మరల వివాహమాడినాఁడు, దోషము లేదు. ఎఱుకను గొలతగాఁ గొన్నచో నతఁడు చేపట్టినది మఱియొక స్త్రీని. ఇల్లాలిని విడిచివచ్చి యింకొకతెను వరించినవాఁడగును. చూడాల యంతటితో నూరకుండలేదు. మాయచే నొక విటుని గల్పించి, వానితోఁ దానున్నట్లు భర్త కగపడఁజేసెను. అతఁడు కోపింపక తొలఁగిపోయెను. అప్పు డామె నిజరూపముఁ జూపెను. వాసిష్ఠము దీనిని వైరాగ్యమునకుఁ బరీక్షగాఁ జెప్పుచున్నది. కాని దాంపత్యదృష్టితోఁ జూచినచో మఱియొక యర్థము గలదు. మోసము చేసిన పక్షమే తుదకు నిజమును దానంతటఁ దాను వెల్లడించినది. మోసపోయినవానికిఁ గలిగినది నష్టము గాక లాభము. రూపము మార్చుట యంతటను నొకే నేరము కాదనుట కిది నిదర్శనము.

ఇఁక దేహమే మాఱిన కథకు వచ్చినచో, మాధవీయశంకరవిజయములోని యమరుకవృత్తాంతము ముఖ్యమైనది. ఉభయభారతి వేసిన కామశాస్త్రప్రశ్నలకు నుత్తరము చెప్పుటకై, సన్న్యాసియైన శంకరుఁడు మృతుఁడైన యమరుకరాజు దేహమునఁ బ్రవేశించి యంతఃపురమున నుండెనని యా గ్రంథము చెప్పుచున్నది. పద్మపాదుఁడు మత్స్యేంద్రుని పతనమును జ్ఞప్తి చేసి ముందే యాక్షేపించెను. తరువాతఁ గాశ్మీరమున సర్వజ్ఞపీఠ మెక్కునప్పుడు సరస్వతియే శీలశుద్ధిని గూర్చి శంకించెను. ఈ దేహముతోఁ జేసిన పాపము లేదు, అన్యదేహమునఁ జేసినది దీని నంటదు అని యాచార్యుని సమాధానము. దేవత దాని నంగీకరించెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాకుఁ జెంది నేఁడు నిర్మలు జిల్లాలో నున్న బాసరయందు విద్యాధిదేవతగాఁ బూజలందు సరస్వతియే యిచట శీలమునకుఁ బరీక్షాధికారిణి యగుట గమనింపఁదగినది. అయినను ఆ పరీక్షలో నొక ప్రశ్న మిగిలిపోయినది. అందఱును సన్న్యాసి శుద్ధి నడిగిరే కాని, యమరుకుని రాణుల మాట నెవ్వరు నడుగలేదు. వారు చేరినది భర్త దేహమునే. కాని యందున్నవాఁడు భర్త కాఁడు. ఆచార్యుని సమాధానమువలన దేహమే కర్మకుఁ గొలత యైనచో రాణులు నిర్దోషులే. ఆత్మయే కొలత యైనచో వారు వంచితలు. ఏ విధమునఁ జూచినను నింద వారిది కాదు.

ఆత్మ మాఱక, దేహమే యతుకుపడిన కథ బేతాళకథలలో నున్నది. భర్తయుఁ దోడఁబుట్టినవాఁడును శిరస్సులు ఖండించుకొనఁగా, దేవి యనుగ్రహమున వారిని బ్రతికించు తొందరలో నింతి తలలను దాఱుమాఱుగ నతికించెను. భర్త యెవఁడు? తల యెవనిదో వాఁడే భర్తయని విక్రమార్కుని తీర్పు. జర్మనుభాషలో టామసు మన్ 1940లోను, కన్నడమున గిరీశ కర్నాడు 1971లోను ఈ కథాబీజమునే విస్తరించి, తల యొకఁడు, మొండెము మఱొకఁడుగా నున్నప్పుడు స్త్రీ మనస్సు దేనివెంటఁ బోవునని ప్రశ్నించిరి. విక్రమార్కుని తీర్పు న్యాయశాస్త్రమునకుఁ జాలును. హృదయమునకుఁ జాలదని వారి రచనలు తెలుపుచున్నవి.

తెనుఁగువారిలో నీ చిక్కును మిక్కిలి సాహసముతోఁ జేపట్టినవాఁడు పదునాఱవ శతాబ్దివాఁడైన పింగళి సూరన. కళాపూర్ణోదయమునఁ గలభాషిణి రంభ రూపమును, మణికంధరుఁడు నలకూబరుని రూపమును దాల్చి కలియుదురు. ఆమె యతనిని నలకూబరుఁ డనుకొనును. అతఁ డామెను రంభ యనుకొనును. ఇందు మోసపుచ్చినవారును, మోసపోయినవారును నిరువురే. ఒకరినొకరు నిందింపఁ దగనివారు. ఇరువురును బొందినది తాము గోరిన రూపమునే కాని కోరిన మనిషిని గాదు. దోషవిచారముకంటె విషాదమే యిచట బలమైనది.

ఈ కథలన్నియుఁ బరిశీలించినచో మూఁడు సంగతులు తేలుచున్నవి. దేహము నొక్కదానినే కొలతగాఁ గొన్నచో బృంద పతిత, శిఖిధ్వజుఁడు నిర్దోషి కావలెను. న్యాయబుద్ధి మొదటిదాని నంగీకరింపదు. మనస్సు నొక్కదానినే కొలతగాఁ గొన్నచో, రూపమును మాత్రమే వలచిన కలభాషిణివంటివారి స్థితి నిర్ణయింపరాదు. ఎఱుకను గొలతగాఁ గొన్నచో మాత్రము నింద చేరవలసినచోటికే చేరును. తెలిసి మఱుఁగుపఱచినవాఁడు దోషి. తెలియక నమ్మినది దోషి కాదు. వాల్మీకి యహల్య యింద్రుని గుర్తించియే యంగీకరించెననుటకును, తరువాతి కథలు కొన్ని యామె యెఱుఁగదనుటకును నింత భేదమేల? ఎఱుకపైననే తీర్పు నిలుచునని కథకు లెల్లరు నెఱిఁగియుండుటయే కారణము.

ఈ విషయమున దమయంతి చూపిన త్రోవ యుత్తమమైనది. నలుగురు దేవతలు నలుని రూపముతో స్వయంవరమున నిలిచినప్పుడు, ఆమె పోలికను నమ్మి దండ వేయలేదు. సత్యమును సాక్షిగాఁ బెట్టి, నిజరూపములు చూపుఁడని దేవతలనే వేఁడెను, వారు చూపిరి. వరించుటకుఁ బూర్వ మెఱుఁగు హక్కు వధువున కున్నదని దేవతలు సైత మొప్పుకొనిన ఘట్టమిది. బృంద కా హక్కు దక్కలేదు. రూపాంతరకథలందు నిష్ఠాభంగ మెవరిదని తీర్పు చెప్పువారు, ఎవరు ఎవరితోఁ గూడిరని కాక, ఎవరి యెఱుక నెవరు హరించిరని మొదట నడుగవలెను.