పాత సమాధుల ఫొటోలు తీయడమే హాబీ.. బందరు, భీమిలి రాళ్లపై ఏముందో తెలుసా?

శ్మశానం అనగానే చాలామంది అటువైపు చూడకుండానే వెళ్లిపోతారు. పొద్దు వాలితే దారే మార్చేస్తారు. కానీ కొందరు మాత్రం సెలవు దొరికితే చాలు.. కెమెరానో, సెల్‌ఫోనో పట్టుకుని పాత సమాధుల దగ్గరికే వెళ్తుంటారు. దెయ్యాల వీడియోల కోసం కాదు. రాయి మీద చెరిగిపోతున్న పేరు, తేదీ పూర్తిగా పోకముందే ఫొటో తీసి దాచడం వీళ్ల పని. ఇలాంటి వాళ్లను ఇంగ్లిష్‌లో 'టాఫోఫైల్స్' అంటారు. గ్రీకులో 'టాఫోస్' అంటే సమాధి. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. మరి ఈ హాబీతో ఉపయోగం ఏంటి? మన దగ్గర ఎక్కడ చూడొచ్చు? ఫొటో ఎలా తీయాలి? ఇప్పుడు తెలుసుకుందాం..

రాయి కూడా అరిగిపోతుంది

రాతిమీద చెక్కితే ఎప్పటికీ పోదనుకుంటాం. నిజానికి అలా ఉండదు. ముఖ్యంగా సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో ఉప్పుగాలి రాయిని మెల్లగా తినేస్తుంది. తేమతో పాటు ఉప్పు రాతి రంధ్రాల్లోకి చేరుతుంది. ఎండకు నీళ్లు ఆరిపోయి ఉప్పు గడ్డకడుతుంది. ఇలా మళ్లీమళ్లీ జరిగేసరికి పైపొర పెచ్చులుగా ఊడిపోతుంది. అక్షరం ఉండేది ఆ పైపొర మీదే. ఇక సున్నంతో కట్టిన సమాధులైతే పగుళ్లలో రావి మొక్క మొలిస్తే చాలు.. వేళ్లు లోపలికి దిగి కట్టడాన్నే చీల్చేస్తాయి.

మనుషుల వల్ల జరిగే నష్టం ఇంకో ఎత్తు. కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్‌కు ఒకప్పుడు రెండు వైపులా పాత యూరోపియన్ శ్మశానాలు ఉండేవి. 1767లో మొదలైన దక్షిణం వైపుది ఇప్పటికీ ఉంది. ఉత్తరం వైపుదాన్ని 1950ల్లో తొలగించేశారు. రాయి పోయాక అక్కడ ఎవరున్నారో చెప్పేది పాత రికార్డులు, పాత ఫొటోలే.

మన దగ్గరే ఉన్నాయి..

డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే డచ్ వర్తకులు బట్టల వ్యాపారం కోసం మచిలీపట్నం వచ్చారు. ఆ తర్వాత భీమునిపట్నం, పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం, పులికాట్.. ఇలా తీరం పొడవునా స్థావరాలు పెట్టారు. ఇక్కడి ఎండలకు, జ్వరాలకు తట్టుకోలేక చనిపోయిన వాళ్లను ఇక్కడే సమాధి చేశారు. 1824 ఒప్పందంతో డచ్ వాళ్లు భారత్‌లోని స్థావరాలను బ్రిటిష్ వాళ్లకు వదిలేశారు. వ్యాపారం పోయింది, సమాధులు మిగిలాయి. బందరు, భీమిలి వెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

వీటిని రికార్డు చేసే పని ఎప్పుడో మొదలైంది. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి మద్రాస్ ప్రెసిడెన్సీలోని డచ్ కట్టడాలపై 1897లో ఓ పుస్తకం తెచ్చారు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ సమాధులపై ఉన్న రాతలను జాబితాగా అచ్చు వేయించారు. ఇవాళ ఒక రాయిపై సగం అక్షరాలే మిగిలితే, మిగతా సగం ఏంటో తెలుసుకోవడానికి ఇలాంటి పాత పుస్తకాలే దిక్కు. ఈరోజు తీసే ఫొటో ఇంకో వందేళ్లకు అదే పని చేస్తుంది.

హైదరాబాద్‌లోనూ ఓ ఉదాహరణ ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచ్ సేనాని రేమండ్ 1798లో చనిపోయారు. మూసారాంబాగ్ అనే పేరు ఆయన పేరు నుంచే వచ్చిందని చెబుతారు. మలక్‌పేట సమీపంలోని గుట్టపై ఆయన సమాధి ఉంది. దాని పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలిపోయింది. తర్వాత మళ్లీ కట్టారు. రాత్రికి రాత్రే కట్టడం కూలిపోయే ప్రమాదం ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పుర్రె గుర్తు ఉంటే భయపడాలా?

పులికాట్ డచ్ శ్మశానం గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కనిపిస్తాయి. కొన్ని సమాధులపై పుర్రె, ఎముకలు ఉంటాయి. ఇది చేతబడి గుర్తో, సముద్ర దొంగల గుర్తో అనుకుంటే పొరపాటే. అప్పటి యూరప్‌లో ఇది మామూలే. 'ఏదో ఒకరోజు అందరూ పోవాల్సిందే, గుర్తుపెట్టుకో' అని చూసేవాళ్లకు చెప్పడమే దాని అర్థం. ఇసుక గడియారం ఉంటే కాలం జారిపోతోందని. విరిగిన స్తంభం ఉంటే నిండు జీవితం మధ్యలోనే ఆగిపోయిందని.

డచ్ రాళ్లపై రెండు మూడు మాటలు గుర్తుపడితే చాలు. 'హీర్ రస్ట్' అంటే ఇక్కడ విశ్రమిస్తున్నారు అని. 'ఆన్నో' అంటే ఆ సంవత్సరంలో. లాటిన్ మాట 'ఓబిట్' అంటే చనిపోయారు అని.

ఫోన్‌తో ఎలా తీయాలి?

అసలు కిటుకు వెలుతురులోనే ఉంది. మిట్టమధ్యాహ్నం తీసినా, ఎదురుగా ఫ్లాష్ కొట్టినా అక్షరాలు కనిపించవు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గీతకూ చిన్న నీడ వస్తుంది. అప్పుడు కంటికి కనిపించని అక్షరం కూడా ఫొటోలో తేలుతుంది. రాయి ఎప్పుడూ నీడలోనే ఉంటే.. ఓ అద్దం పట్టుకుని పక్క నుంచి ఎండను రాతి మీదకు మళ్లించొచ్చు. టార్చ్‌ను పక్క నుంచి కొట్టినా పనవుతుంది.

మొదట శ్మశానం మొత్తం కనిపించేలా ఒకటి, తర్వాత సమాధి మొత్తం, నాలుగు వైపులా ఒక్కొక్కటి, చివరగా రాత దగ్గరగా, ఎదురుగా.. ఈ వరుసలో తీయాలి. పక్కన ఓ స్కేలు పెడితే సైజు తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. రాతను అక్కడే కాగితంపై రాసుకోవాలి. 1కి, 7కి.. 6కి, 8కి తేడా తెలియకపోతే అక్కడ ప్రశ్నార్థకం పెట్టాలి తప్ప ఊహించి రాయొద్దు. ఒక్క అంకె తప్పితే ఒక మనిషి వందేళ్లు వెనక్కి వెళ్లిపోతాడు.

ఈ తప్పులు మాత్రం చేయొద్దు

అక్షరాలు కనిపించాలని కొందరు సుద్ద రుద్దుతారు, పిండి చల్లుతారు, షేవింగ్ ఫోమ్ పూస్తారు. వైర్ బ్రష్‌తో గీకుతారు. ఇవన్నీ రాయికి హానే. ముఖ్యంగా వదులైన పైపొర ఆ గీకుడుకే ఊడిపోతుంది. వట్టి ఆకులు చేత్తో తీసేయడం వరకే మన పని. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే కేంద్ర చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

చర్చి, మసీదు కమిటీల కింద ఉన్న చోట ముందే అడగాలి. ట్రైపాడ్, డ్రోన్ వాడాలంటే ఇంకా జాగ్రత్త.. పర్మిషన్ లేకుండా వద్దు. అంత్యక్రియలు జరుగుతుంటే ఫోన్ జేబులో పెట్టుకుని పక్కకు తప్పుకోవాలి. కొత్త సమాధుల జోలికి వెళ్లొద్దు, సమాధులపై ఎక్కొద్దు. గడ్డి పెరిగిన చోట పాములుంటాయి కాబట్టి బూట్లు తప్పనిసరి.. ఒంటరిగా వెళ్లకపోవడమే మేలు.

తీసిన ఫొటో ఎవరికి ఉపయోగం?

ఫొటో ఫోన్‌లోనే ఉండిపోతే ఫోన్‌తో పాటే పోతుంది. 1995లో మొదలైన 'ఫైండ్ ఎ గ్రేవ్' లాంటి వెబ్‌సైట్లలో ఎవరైనా సమాధి ఫొటోలు పెట్టొచ్చు. పూర్వీకుల కోసం వెతుకుతూ, ఇక్కడి వరకు రాలేని వాళ్లు అందులో ఫొటో కావాలని అడుగుతుంటారు. దక్షిణాసియాలోని యూరోపియన్ శ్మశానాల కోసమే బ్రిటన్‌లో 1976లో 'బాక్సా' అనే సంస్థ ఏర్పడింది. అది సేకరించిన రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇంకో మాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గి, లొకేషన్ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇదంతా విదేశీయుల సమాధులకే అనుకోవద్దు. రాయలసీమ, పల్నాడు ఊళ్లలో పొలం గట్ల మీద, గుడి పక్కన నిలబెట్టిన వీరగల్లులు కూడా చనిపోయిన వాళ్ల గుర్తులే. రంగులు పూసి, సిమెంటు మెత్తేసరికి వాటిపై బొమ్మలు, అక్షరాలు కనుమరుగవుతున్నాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు సాయంత్రం ఎండలో ఓసారి అటు వెళ్లి చూడండి. ఆ రాయి మీద పేరుంటే.. అది చదవగలిగే చివరి తరం మీదే కావచ్చు.