ఇంటి కంప్యూటరునకు ఏ కావలి?

నర్సింహులపేట తలిదండ్రులు మమ్ము తరచుగా నడుగునది యిది: ఇంటి కంప్యూటరునకు ఏ యాంటీవైరసు కొనవలెను? కొనుటకు ముందు 2017వ సంవత్సరపు సంగతి వినుడు. ఆ మే నెలలో వన్నాక్రై యనునది లోకమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లలో కొన్నింటిని సైతము పట్టినది. ఫైళ్లకు తాళము వేసి, విడిచిపెట్టుటకు ధనమడుగుట దాని పని. ఆ ద్వారమును మూయు సవరణను మైక్రోసాఫ్టువారు మార్చిలోనే విడుదల చేసిరి. దానిని వేసికొనని యంత్రములే చిక్కినవి.

కావున వెలకంటె ముందు సవరణలను విచారింపవలెను. విండోస్ 11లో డిఫెండర్ అను కావలి వెల లేకయే యున్నది. సామాన్య గృహమునకు అదియే చాలునని మా యభిప్రాయము. విండోస్ 10నకు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి; అది గలవారు ఉపేక్షింపరాదు.

కొనియే తీరవలెనన్న పూనావారి క్విక్ హీల్ వంటివి కలవు. అయితే చందా ఏటేట కట్టగలమా యని చూచుకొనుడు. గడువు తీరినది క్రొత్త వైరసులను గుర్తింపజాలదు. రెండింటిని కూర్చి పెట్టినచో ఒండొంటి పనికి అడ్డుపడును. పెన్‌డ్రైవులో తెచ్చిన దొంగప్రతి సంగతి చెప్పనేల? దొంగకే తాళపుచెవి యిచ్చినట్లు.

పిల్లల మార్కుల పత్రములు, పట్టాదారు పుస్తకముల ప్రతులు వేరొక డిస్కున నకలు చేసి, యంత్రమునుండి విడదీసి యుంచుడు. ఒకసారి తాళము పడిన ఫైళ్లను ఏ యాంటీవైరసైనను తిరిగి తెచ్చునన్న పూచీ లేదు.