రేకు తెగేచోటును చూసే కెమేరా

మా ఊళ్ళో పంట సంగతి అడిగితే "ఎకరానికి ఇరవై బస్తాలు" అంటారు. మూలన చవుడు తేలిన పది సెంట్లలో గింజ రాలలేదన్న సంగతి ఆ ఇరవైలో కనబడదు. ఇనుపరేకు సాగుడును కొలవటంలోనూ ఇదే చిక్కు. (ఫిజిక్సు చదివేవాడు మళ్ళీ పొలంగట్టు మీదికే వచ్చాడని నవ్వకండి!)

ప్రాక్టికల్సులో తీగకు బరువులు వేలాడదీసి యంగ్ గుణకం కట్టినవాళ్ళమే గదా మనమంతా. రేకునైతే నడుం సన్నంగా ఉండేలా కోసి, యంత్రపు దవడల్లో బిగించి లాగుతారు. నడుం మీద 50 మిల్లీమీటర్ల ఎడంతో రెండు అంచులు ఆనే క్లిప్పు తగిలిస్తారు. దాని పేరు ఎక్స్‌టెన్సోమీటరు. ఆ ఎడం ఎంత పెరిగిందో అది చెబుతుంది.

మొదట్లో రేకు సమంగా సాగుతుంది గనక పేచీ లేదు. బలం గరిష్ఠానికి చేరాక ఏదో ఒకచోట సన్నబడి, ఆపై సాగుడంతా అక్కడే జరుగుతుంది. 5 మి.మీ. మేర 60 శాతం, మిగతా 45 మి.మీ. 20 శాతం సాగాయనుకోండి. క్లిప్పు చూపేది 24 శాతమే! రేకును నొక్కి గమేళా చేసేటప్పుడు అది చిరిగేది సగటు దగ్గర కాదు, ఆ 60 దగ్గర.

అందుకని రేకుకు తెల్లరంగు పూసి, పైన నల్లరంగు తుంపర్లు చిలకరిస్తారు. లాగుతున్నంతసేపూ కెమేరా ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు మొదటి ఫొటోను చిన్నచిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలోని చుక్కల పొందికను తరువాతి ఫొటోలో వెతుకుతుంది. చుక్కలు ముగ్గుచుక్కల్లా వరసగా ఉంటే ఏది ఏదో పోల్చుకోలేదు, చిందరవందరగానే ఉండాలి. ఏ చదరం ఎంత జరిగిందో తెలిస్తే ఎక్కడి వికృతి అక్కడే లెక్క కట్టవచ్చు. అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో పీటర్స్, రాన్సన్‌లు 1982లో ఈ పద్ధతికి దారి వేశారు.

వెడల్పు ఎంత తగ్గిందో కూడా అదే ఫొటోలో దొరుకుతుంది. శాశ్వతంగా సాగే లోహపు ఘనపరిమాణం దాదాపు మారదు గనక, మందం ఎంత తగ్గిందో లెక్కకు వస్తుంది. వెడల్పు తగ్గినంతగా మందం తగ్గని రేకు లోతుగా నొక్కినా సులువుగా చిరగదు.

అయితే కెమేరా కూడా అబద్ధమాడుతుంది. అరమీటరు దూరాన ఉన్న రేకు దానివైపు అర మిల్లీమీటరు జరిగినా, బొమ్మ పెద్దదై 0.1 శాతం లేని సాగుడు చూపిస్తుంది. మెత్తటి ఉక్కు శాశ్వతంగా సాగటం మొదలయ్యేదే సుమారు 0.12 శాతం దగ్గర! అందుకే మన కళ్ళలాగా రెండు కెమేరాలు పెడతారు. అదీగాక, ధాన్యం తూచేముందు మా నాయన ఖాళీ కాటా ముల్లు చూసుకున్నట్టు, లాగకముందే రెండు ఫొటోలు తీసి పోల్చాలి. అప్పుడు రావలసింది సున్నా. ఎంత వస్తే ఆనాటి కొలతల్లో కనీసం అంత తప్పు ఉన్నట్టే.